ముంజేతి కంకణమునకు అద్దమేల? - మణికట్టు నరముల విద్యుత్పరీక్ష, దాని ప్రామాణ్యము

మన పల్లెవైద్యులు రోగి మణికట్టుపై మూడువ్రేళ్లానించి నాడి చూచుట పెద్దలందరు నెరిగినదే. ఆ మణికట్టుమీదనే నేడు వేరొక పరీక్ష జరుగుచున్నది. వ్రేలికి లోహపుటుంగరములు తొడిగి, చర్మముపై చిన్న విద్యుద్ఘాతము నిచ్చి, ఆ సంకేతము నరమువెంట నెంత వేగముగ బోవుచున్నదో సెకండులో వేయవపాలు లెక్కగా యంత్రము కొలుచుచున్నది. పూర్వపు నాడీపరీక్ష రక్తనాళపు కదలికను జూచుట. ఈ క్రొత్తపరీక్ష నరముయొక్క వేగమును జూచుట. పేరులు దగ్గరగా వినబడినను వస్తువులు వేరు. అయినను రెండింటిని గూర్చియు అడుగదగిన ప్రశ్న యొక్కటే: పరీక్ష చెప్పిన మాటను ఎంతవరకు నమ్మవచ్చును?

ఈ ప్రశ్న వైద్యపండితుల గోష్ఠికి మాత్రమే చెందినది కాదు. బద్వేలు బజారులో కుట్టుయంత్రము ముందర దినమునకు పదిగంటలు కూర్చుండు నొక యిల్లాలి ననుకొందము. రాత్రి రెండవజామున బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు మండి తిమ్మిరెక్కి ఆమె మేల్కొనును. చేయి విదిలించి, మంచముప్రక్కకు వ్రేలాడవేసినగాని నిద్రపట్టదు. వాతమని తైలము రాచుకొని కొంతకాలము గడపి, తుద కొక వైద్యుని దర్శించును. ఆయన నరముల పరీక్షకు చీటి వ్రాసియిచ్చును. అట్టి యంత్రములు సామాన్యముగ పెద్దపట్టణములలోనే యుండునుగాన, బస్సెక్కి కడపకో, నెల్లూరికో, తిరుపతికో పోవలయును. ఒకదినపు కూలి పోయినది. దారిఖర్చు, పరీక్షఖర్చు అయినవి. తీరా పత్రములో "వికారము లేదు" అని యున్నది. "నీకు రోగములేదు, పొమ్ము" అన్నమాట విని ఆమె యింటికి వచ్చును. కాని నాటిరాత్రియు రెండవజామున చేయి మండుచునే యున్నది.

ఇంకొక రైతు ననుకొందము. అతనికి పదేండ్లుగా మధుమేహ మున్నది. అరికాళ్లు మంటలు, అరచేతులు మొద్దు. అదే పరీక్షలో మణికట్టుకడ నరము మందగించినదని తేలినది. వెంటనే శస్త్రచికిత్స చేయించుకొమ్మని సలహా. చేయించుకొనెను, మొద్దుదనము పోలేదు. మొదటిచోట పరీక్ష ఉన్నరోగమును లేదన్నది. రెండవచోట వేరొక వ్యాధి నీడను ఈ రోగమని చూపినది. ఇవి రెండును ఊహించి చెప్పిన కథలే యైనను, ఇట్టి పొరపాట్లకు పరీక్షయందే యెట్లు తావున్నదో మన జనసామాన్యము తెలిసికొనుట అవసరము.

మొదట రోగస్వరూపమును జూతము. మన మణికట్టున ఎనిమిది చిన్నయెముకలు దొప్పవలె నేర్పడియున్నవి. ఆ దొప్పమీద మూతవలె ఒక గట్టి అడ్డపట్టీ బిగించియున్నది. ఈ రెంటినడుమ నున్న యిరుకుదారిగుండ వ్రేళ్లను ముడుచు తొమ్మిది స్నాయురజ్జువులును, మీడియన్ అను నరమును అరచేతిలోనికి బోవుచున్నవి. ఆ నరమే బొటనవ్రేలు, చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలిలో సగము - వీనికి స్పర్శజ్ఞానము నిచ్చునది. బొటనవ్రేలి మొదటనున్న కండను ఆడించునదియు ముఖ్యముగ నదియే. దారిలో వాపుగాని ఒత్తిడిగాని హెచ్చినచో ఎముక జరుగదు, పట్టీ సాగదు. నలిగిపోవునది మెత్తని నరమొక్కటే. దీనినే వైద్యులు కార్పల్ టనెల్ సిండ్రోమ్ అనుచున్నారు. మనము మణికట్టు సొరంగవ్యాధి యనవచ్చును. చిటికెనవ్రేలికి వేరొక నరము వేరొక దారిని బోవునుగాన, ఆ వ్రేలు సామాన్యముగ ఈ బాధకు లోనుగాదు. పురుషులకంటె స్త్రీలలో నిది హెచ్చు. గర్భిణులకును, గొంతుగ్రంథి మందగించినవారికిని, మధుమేహులకును, కీళ్లవాతము గలవారికిని, చేతితో బలముగ పట్టి మాటిమాటికి నొకేపని చేయువారికిని, అదరెడు పనిముట్లు పట్టువారికిని వచ్చు నవకాశ మధికము. కడపజిల్లాలో నాపరాతి గనులలో రాతిని తొలుచువారును, ప్రత్తి తీయు కూలిస్త్రీలును, పాలు పితుకువారును, మగ్గముపై బ్రతుకువారును ఎందరు గలరో చదువరు లెరుంగుదురు. చేయియే యాస్తిగా గలవారికి చేతిరోగము చిన్నవిషయము కాదు.

ఈ రోగవిజ్ఞానము క్రమక్రమముగ పెరిగినది. ఎముక విరిగి తప్పుగ నతికినచోట ఈ నరము నలిగిన సంగతిని 1854లో ఇంగ్లండున జేమ్స్ పాజెట్ వర్ణించెను. 1913లో ఫ్రాన్సు దేశపు పియర్ మారీ, ఫోయిలు శవపరీక్షలో పట్టీక్రింద నరము నలిగియుండుట చూచి, పట్టీని కోసినచో నరమును గాపాడవచ్చునని సూచించిరి. 1933లో లియర్మంత్ అట్లు పట్టీని కోసిన చికిత్సను ప్రకటించెను. 1950 తరువాత అమెరికాలో జార్జి ఫాలెన్ ఈ రోగమును సామాన్యవైద్యులకును సుపరిచితము గావించెను. ఇంక నరముయొక్క వేగమును మొట్టమొదట కొలిచినవాడు జర్మనుశాస్త్రజ్ఞుడు హెల్మ్‌హోల్ట్స్. అంతకుముందు ఆ వేగము కొలతకందనిదని గొప్ప పండితులే తలచియుండగా, ఆయన 1850లో కప్పనరముమీద దానిని కొలిచి చూపెను. ఈ రోగమున మణికట్టుకడ సంకేతము ఆలస్యమగుచున్నదని 1956లో సింప్సన్ నిరూపించెను. నాటినుండి విద్యుత్పరీక్ష ఈ వ్యాధినిర్ణయమునకు పెద్దసాక్షిగా నిలిచినది.

సాక్షి పెద్దవాడే, కాని ప్రతిసాక్షియు నెంతవరకు చూచెనో అంతవరకే చెప్పగలడు. ఆరోగ్యవంతుని ముంజేతిలో ఈ నరమున సంకేతము సెకండునకు ఇంచుమించు 50 మొదలు 60 మీటర్ల వేగమున బోవును. మణికట్టుకడ విద్యుద్ఘాతమిచ్చి, బొటనవ్రేలి కండ కదలుటకు పట్టిన కాలమును కొలుతురు; వ్రేలినుండి మణికట్టునకు స్పర్శసంకేతము చేరుటకు పట్టిన కాలమును కొలుతురు. దానినే చిటికెనవ్రేలి నరముతోను, బొటనవ్రేలిలోని మరియొక నరముతోను పోల్చి చూతురు. ఒకేచేతిలో ఒక నరము సరిగ నడచి, రెండవది మణికట్టుకడ మాత్రమే వెనుకబడినచో, తప్పు దారిలోనున్నదని యనుమానింతురు. ఇట్టిపోలికలు మూడింటిని కలిపి లెక్కించు పద్ధతిని 1998లో రాబిన్సనును ఆయన సహచరులును ప్రకటించిరి. ఒంటరికొలతకంటె నిది మేలని తేలినది.

ఇందు గమనింపదగిన సంగతి యేమనగా, యంత్రము ప్రత్యక్షముగ జూచునది నరముయొక్క మందగతిని మాత్రమే; రోగమును గాదు. రోగము అనుమానప్రమాణమువలన సిద్ధింపవలసినదే. మన తార్కికులు పొగను జూచి నిప్పు నూహించుటను దృష్టాంతముగ జెప్పి, అందలి రెండు ప్రమాదములనుగూడ చూపియున్నారు. దూరమునుండి ఆవిరిని జూచి పొగ యనుకొనుట యొకటి. పొగ లేదుగాన నిప్పులేదనుట రెండవది; కాలిన యినుపగుండునందు పొగలేకయే నిప్పున్నది గదా! నరముల పరీక్షలోను ఈ రెండు ప్రమాదములే కలవు. మధుమేహరైతు విషయమున ఆవిరి పొగగా దోచినది. కుట్టుపని యిల్లాలి విషయమున కాలిన యినుపగుండు చల్లనిదని తలపబడినది.

కాలిన గుండు చల్లగా దోచుటకు కారణ మేమి? నరమనునది ఒక్కతీగ గాదు. వేలకొలది సన్నపోగుల కట్ట. యంత్రము పట్టునది వానిలో లావై వేగముగ బోవు పోగుల సంకేతమును. నొప్పిని, మంటను మోయు సన్నపోగులు ఈ కొలతలో దాదాపు కనబడవు. వేగముగల పోగులు కొన్ని చెడక మిగిలియున్నను కాలపులెక్క సరిగనే వచ్చును. అదియుగాక, రోగపు తొలిదశలో నరము రాత్రి మణికట్టు ముడుచుకొని నిద్రించువేళ నలిగి, పగలు కోలుకొనుచుండును. పరీక్ష జరుగునది పగటివేళ. ఇంకొక చిక్కు కలదు. సహజముగ మిక్కిలి వేగముగల నరము కొంత చెడినను, అందరికి నియమించిన హద్దులోపలనే యుండవచ్చును. అతని నరమునకు తనలో తాను హాని కలిగినది. పత్రమున మాత్రము "వికారము లేదు".

ఇపుడు లెక్కలు చూతము. అమెరికాలోని నరవైద్యసంఘములు 1993లోను 2002లోను లోకమునగల పరిశోధనల బరిశీలించి, ఈ స్పర్శనరముల పరీక్షలు రోగమున్న 100 మందిలో 56 మొదలు 85 మందివరకు పట్టగలవనియు, రోగము లేని 100 మందిలో 94 మొదలు 99 మందిని సరిగ విడువగలవనియు తేల్చినవి. అనగా మేలైన పద్ధతిలోనే 100 మంది రోగులలో పదునైదుగురును, తక్కువ పద్ధతిలో నలుబదిమందికి పైగాను పరీక్షకు దొరకక పోవుదురు. ఈ లెక్కయందును ఒక మెలిక యున్నది. రోగమున్నదని నిర్ణయించుటకు సర్వసమ్మతమైన గీటురాయి వేరొకటి లేదు. కొందరు లక్షణములనుబట్టి రోగమును నిర్ణయించి యంత్రమును తూచిరి. కొందరు యంత్రమునే గీటురాయిగా గొని లక్షణములను తూచిరి. తూకపురాళ్లు మారినపుడు తూకము మారుట సహజమేగదా!

1999లో దక్షిణ స్వీడనుదేశ ప్రజలపై జరిగిన యొక గొప్ప పరిశీలన ప్రకటింపబడినది. సుమారు రెండువేల యైదువందలమంది ప్రశ్నలకు జవాబిచ్చిరి. చేతిలో తిమ్మిరి, మంట, నొప్పి యున్నవని చెప్పినవారు 100కి 14.4 వంతున నుండిరి. వైద్యులు పరీక్షించి ఈ రోగమే యని చెప్పినది 3.8 వంతునకు. విద్యుత్పరీక్షలో నరదోషమున్నట్లు తేలినది 4.9 వంతునకు. వైద్యుని కన్నును యంత్రమును ఏకీభవించినది 2.7 వంతునకు మాత్రమే. అంతకన్న చిత్రమేమన, ఎట్టి బాధయులేని 125 మందిని పోలికకై పరీక్షింపగా వారిలో 23 మందికి, అనగా 100కి 18 వంతున, యంత్రము నరదోషమును జూపెను! వీరినందరిని పత్రమునుబట్టియే శస్త్రవైద్యునికడకు బంపినచో గతియేమి?

ఇందువలన యంత్రము పనికిమాలినదని తలపరాదు. దానిని ఎవరియందు ప్రయోగించుచున్నామనుదానినిబట్టి దాని మాటకు విలువ యేర్పడును. వడ్డీలెక్కలు, పంటలెక్కలు తెలిసిన మన చదువరులకు ఈ సంగతి సులభముగ బోధపడును. రోగమున్న 100లో 80 మందిని పట్టి, రోగములేని 100లో 95 మందిని విడుచు పరీక్ష యున్నదనుకొందము. వడబోయక 1,000 మంది ప్రజలకు దానిని చేయింతము. అందు నిజముగ రోగమున్నవారు 40 మంది యనుకొన్నచో, పరీక్ష వారిలో 32 మందిని పట్టును. మిగిలిన 960 మందిలో 48 మందిని పొరపాటున పట్టును. పట్టుబడిన 80 మందిలో నిజమైన రోగులు 32 మందియే, సగముకంటె తక్కువ. అదే పరీక్షను, రాత్రివేళ బాధ మొదలగు లక్షణములన్నియు స్పష్టముగనున్న 1,000 మందికి చేయింతము. వారిలో 800 మందికి రోగమున్నదనుకొన్నచో, యంత్రము 640 మందిని సరిగను, 10 మందిని పొరపాటునను పట్టును; "ఉన్నది" అన్న మాటను ఇచట దాదాపు పూర్తిగ నమ్మవచ్చును. కాని "లేదు" అనిపించుకొన్న 350 మందిలో 160 మంది నిజముగ రోగులే! యంత్రము మారలేదు, దానిముందు చేయి చాచినవారు మారిరి. కాబట్టి లక్షణములు స్పష్టముగ నున్నవానికి "లేదు" అను పత్రము చూపి వెడలగొట్టుటయు, లక్షణములు లేనివానికి "ఉన్నది" అను పత్రము చూపి కత్తిపట్టుటయు రెండును తప్పులే.

మన బద్వేలుసీమ వారికి పోరుమామిళ్ల చెరువు తెలియనిది కాదు. విజయనగరపు బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు దానిని నిర్మించి 1369లో వేయించిన శాసనమున, చెరువునకు గావలసిన పండ్రెండంగములును, చెరువును చెరచు నారు దోషములును చెప్పబడినవి. కట్టనుండి నీరు ఊరుట, చవుడునేల, నీరు కొంచెమై ఆయకట్టు విస్తారమగుట మున్నగున వా దోషములు. ఆరువందల యేండ్లనాడు మన జలసూత్రజ్ఞులు "ఇది గొప్ప చెరువు" అని చెప్పి యూరకొనలేదు. ఎట్లు చెడునో కూడ రాతిమీద చెక్కించిరి. నేటి పరీక్షలకును ఇట్టి దోషముల పట్టిక యొకటి అవసరము. నరముల పరీక్షకు ముఖ్యమైనవి ఆరు కలవు.

మొదటిది చల్లని చేయి. చర్మపు వేడి ఒక్కడిగ్రీ తగ్గినచో సంకేతము చేరు కాలము మిల్లీసెకండులో ఇంచుమించు అయిదవవంతు హెచ్చును. బద్వేలు ఎండనుబడి వచ్చినవాడే యైనను, శీతలయంత్రపు గదిలో చాలసేపు కూర్చున్నచో చేయి చల్లబడును. అయిదుడిగ్రీల తగ్గుదలతో ఒక మిల్లీసెకండు ఆలస్యము కలుగును. ఆరోగ్యవంతుని రోగిగా జూపుటకు అదియే చాలును. కాబట్టి చేతిని 32 డిగ్రీలకు తగ్గకుండ వెచ్చబెట్టి పరీక్షింపవలెను. రెండవది కొలత తప్పు. సెకండునకు 50 మీటర్ల వేగమున ఒక్క సెంటీమీటరు పొరపాటు మిల్లీసెకండులో అయిదవవంతు నిటునటు జేయును. మూడవది పరాయి ప్రమాణము. వయస్సు పెరిగినకొలది నరము మందగించును. పొడవు, వ్రేలిలావు కూడ ఫలితమును మార్చును. వేరొకదేశపు ప్రజలయందు నిర్ణయించిన హద్దును మనకూలివాని చేతికి మార్పులేక తగిలించుట, ఒకరి కొలతకు కుట్టిన చొక్కాను వేరొకనికి తొడుగుటయే. నాలుగవది పెక్కుపోలికలు. ఒక్కొక్కటి 100కి 5 వంతున పొరపడు పోలికలు, ఒకదాని కొకటి సంబంధము లేనివి, అయిదు చేసి, ఏ యొక్కటి తప్పినను రోగమనినచో, ఆరోగ్యవంతులలో 100కి 23 మంది రోగులుగా లెక్కింపబడుదురు. అయిదవది మారువేషపు వ్యాధి. ఆరవది రోగిని జూడక పత్రమును మాత్రమే చదువుట. చెరువుశాసనమున చెప్పిన "నీరు కొంచెము, ఆయకట్టు విస్తారము" అను దోష మిదియే. కొద్దిసాక్ష్యముతో పెద్దనిర్ణయమును పండింప జూచుట.

అయిదవదోషమును గూర్చి మన దేశమున ప్రత్యేకముగ చెప్పవలసియున్నది. 2023లో ప్రకటితమైన భారత వైద్యపరిశోధనామండలి పరిశీలననుబట్టి మనదేశపు పెద్దవయస్కులలో 100కి 11.4 వంతున మధుమేహులు గలరు. అనగా పదికోట్లకు మించినవారు. మధుమేహముచేత నరములన్నియు మందగించుటయేగాక, మణికట్టువంటి యిరుకుచోటుల మరింత మందగించును. ఇట్టివానికి కాలినరములనుగూడ పరీక్షింపక చేతిని మాత్రము చూచి తీర్పు చెప్పరాదు. ఇక కుష్ఠు. 2005లో దేశమొత్తముమీద అది ప్రజారోగ్యసమస్యగా తొలగినదని ప్రకటించినను, క్రొత్తరోగులు నేటికిని కనబడుచున్నారు. అది సామాన్యముగ మోచేతికడ నరమును ముందు పట్టి, మీడియన్ నరమునుగూడ చెరచును. స్పర్శలేని మచ్చ యేదైన నున్నదా, నరము త్రాడువలె లావెక్కినదా యని చేతితో తడవి చూచువానికి తెలియునుగాని, మణికట్టు ఒక్కదానిపై తీసిన కొలతకు తెలియదు. సకాలమున మందిచ్చినచో కుదురు రోగమును మరియొకటిగ భావించి పట్టీ కోయుటకంటె నన్యాయ ముండునా? మెడయెముకలకడ నరముల మొదళ్లు ఒత్తుకొన్నను చేతికి తిమ్మిరి దిగును. అట్టిచో వ్రేలిస్పర్శసంకేతము చెడక నిలుచుటయు, మెడవలని కండలలో మార్పు కనబడుటయు కలవుగాన, ఇచట విద్యుత్పరీక్ష మిక్కిలి యుపకారి.

అట్లయిన వైద్యుని కన్నుమాత్రమే చాలునా? అదియు నిర్దోషము కాదు. మణికట్టును ఒకనిమిషము ముడిచియుంచి తిమ్మిరి వచ్చునేమో చూచు ఫాలెన్ పరీక్షయు, నరముపై తట్టిచూచు టినెల్ పరీక్షయు ఒంటరిగ నిలువజాలవు. కాని అన్నియు గూడినపుడు బలమేర్పడును. తిమ్మిరి ఏయేవ్రేళ్లకు? చిటికెనవ్రేలు విడిచినదా? రాత్రి నిద్ర చెడుచున్నదా? బొటనవ్రేలి మొదటి కండ కరగినదా? దగ్గరగానున్న రెండు మొనలను రెండుగ గుర్తింపగలడా? ముడిచిన, తట్టిన తిమ్మిరి పుట్టుచున్నదా? ఈ యారు ప్రశ్నలకు విలువలు గట్టి కూడు పద్ధతిని కెనడాలో గ్రహాము రూపొందించెను. లక్షణములు స్పష్టముగనున్న రోగులలో చాలమందికి విద్యుత్పరీక్ష చేయించినను నిర్ణయమున మార్పు రాదని 2008లో నాతడు ప్రకటించెను. 2024లో అమెరికా యెముకల శస్త్రవైద్యుల విద్వత్సంఘమును, ఈ యారు ప్రశ్నల పద్ధతితోనే రోగమును నిర్ణయింపవచ్చుననియు, ప్రతివానికి విద్యుత్పరీక్షగాని ధ్వనితరంగ చిత్రముగాని ఆచారముగ చేయింపనక్కరలేదనియు బలమైన సిఫారసు చేసినది. ముంజేతి కంకణమునకు అద్దమేల యన్న మన పెద్దలమాట ఇచట అక్షరాల నిజమైనది.

అయినను అద్దము అక్కరలేదని పగులగొట్టరాదు. లక్షణములు సందిగ్ధముగ నున్నపుడు, మధుమేహముగాని మెడరోగముగాని కూడియున్నదని శంక గలిగినపుడు, కండ కరగుచున్నపుడు నరమెంత చెడెనో తెలియుటకు, శస్త్రచికిత్సకు పూర్వస్థితి వ్రాసియుంచుకొని గుణము కలుగనిచో పిమ్మట పోల్చిచూచుటకు ఈ పరీక్ష అవసరము. తొలిదశలో రాత్రివేళ మణికట్టును నిటారుగనుంచు పట్టీబద్ద కట్టుకొనుట, పని మార్చుకొనుట, మందుసూది - ఇవి తరచు మేలుచేయును. వీనికి పత్రముకొరకు కాచుకొననవసరము లేదు. కాని మొద్దుదనము రేయింబగళ్లు నిలిచి బొటనవ్రేలి కండ కరగ నారంభించినచో జాగుచేయరాదు. చాలకాలము నలిగిన నరము పట్టీని కోసినపిమ్మటను పూర్తిగ కోలుకొనకపోవచ్చును. అట్టివానిని "వికారములేదు" అన్న కాగితముతో వెనుకకు బంపినచో, పోయినది పరీక్షఖర్చు మాత్రమే కాదు, ఆ కుటుంబపు కూడు.

కావున కర్తవ్యము లేవి? పరీక్షాపత్రమున చేతివేడి, కొలిచిన దూరము, పోల్చిన నరములు, హద్దులు ఎవరియందు నిర్ణయింపబడినవో స్పష్టముగ వ్రాయవలెను. పరీక్షకు బంపు వైద్యుడు లక్షణములను చీటిలో వ్రాయవలెను. పరీక్షించువాడు రోగితో నాలుగుమాటలాడి, చేయి తడవి చూడవలెను. కర్నూలున 1957లోను, తిరుపతిలో 1960లోను, కడపలో 2006లోను వైద్యకళాశాలలు వెలసినవి. వేరుసెనగ కోయు చేతులకు, ప్రత్తి తీయు చేతులకు, రాయి కొట్టు చేతులకు సహజమైన నరవేగ మెంతయో మన సీమప్రజలయందే కొలిచి ప్రకటించుట ఈ విద్యాలయములకు తగిన పని. యంత్రము ఎచటనుండి వచ్చినను రావచ్చును. దానిని చదువు కొలబద్ద మాత్రము మనది గావలెను. స్వదేశాభిమాన మనగా అన్యుల విద్యను త్రోసివేయుట గాదు. ఆ విద్యను మనవారి చేతిమీద సరిచూచుకొని గ్రహించుట. తాలూకాలలోని ప్రభుత్వవైద్యశాలలకు నెలకొకమారైనను నిపుణుడు యంత్రముతో వచ్చు నేర్పాటుండినచో, ఒకదినపు కూలిపై బ్రతుకువారికి దారిఖర్చు తప్పును.

మన భూస్వాములును, వర్తకులునుగూడ ఒకమాట చిత్తగింపవలెను. పొలమున పనిచేయు స్త్రీ చేయి తిమ్మిరెక్కినదని చెప్పినచో సాకు అని త్రోసివేయక, కొన్నిదినములు వేరుపని యప్పగింతురుగాక. పత్రము తెమ్మని యడుగుటకుముందు, రాత్రి నిద్రపట్టుచున్నదా యని యడుగుదురుగాక. ఆ యొక్క ప్రశ్నకు ఖర్చులేదు. దానికి వచ్చు జవాబును ఏ యంత్రమును కొలువజాలదు.